సోఫాతో పాటు వచ్చే గోమార్లు

దోహాలో నజ్మా పేరు చెప్పగానే గుర్తొచ్చేది పాత సామాను. హరాజ్ సూక్ అక్కడే ఉంది. ఖతర్ వదిలి ఇంటికి వెళ్లిపోయేవాళ్ల మంచాలూ సోఫాలూ అక్కడికి చేరతాయి, కొత్తగా దిగినవాళ్లు బేరమాడి పట్టుకుపోతారు. ఆ బేరంలో లెక్కకు రాని సరుకు ఒకటుంటుంది. సోఫా పాత యజమానికి పిల్లి ఉండి ఉంటే కుట్ల సందుల్లో గోమారి గూళ్లు దాగి ఉండొచ్చు. గూట్లోని గోమారి నెలల తరబడి తిండి లేకుండా కాచుక్కూర్చోగలదు. ఎవరైనా వచ్చి కూర్చుంటే ఆ అదురుకీ, ఒంటి వేడికీ, ఊపిరికీ లేచి దూకుతుంది. పిల్లే లేని గదిలో చీలమండల చుట్టూ దద్దుర్లు రావడానికి ఇదీ ఒక కారణమే.

పిల్లి ఒంటి మీద కనబడేవి ఇంట్లో ఉన్న మొత్తంలో నూటికి అయిదేనని పశువైద్యులు తరచూ చెప్పే లెక్క. మిగతావి గుడ్లు, పురుగులు, గూళ్ల రూపంలో పరుపులోనూ తివాచీలోనూ ఉంటాయి. ఆడ గోమారి రోజుకు 40, 50 గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్లకు జిగురుండదు కాబట్టి పిల్లి ఎక్కడ పడుకుంటే అక్కడ రాలిపోతాయి. పిల్లి పడుకునే గుడ్డను 60 డిగ్రీల నీళ్లలో ఉతకడం, వ్యాక్యూమ్ తిప్పి ఆ చెత్తను వెంటనే బయట పారేయడం, ఈ రెండింటికీ అయ్యే ఖర్చు దాదాపు సున్నా. మందు మీద పెట్టిన డబ్బు దక్కేది కూడా వీటివల్లే.

మరి జూన్‌లో 45 డిగ్రీలు దాటే ఊళ్లో ఇవెలా బతుకుతాయి? బయట ఎండలో బతకవు. 35 డిగ్రీలు దాటినా, గాలిలో తేమ బాగా తగ్గినా గోమారి పురుగు చచ్చిపోతుంది. కానీ మనం ఏసీని 24 మీద పెట్టి పడుకుంటాం. ఆ చల్లదనం మనకెంత హాయో దానికీ అంతే.

కరీంనగర్ పత్తి రైతుకీ గుంటూరు మిర్చి రైతుకీ పిల్లి మందులు కొత్తేమీ కావు. చేలో కొట్టే కాన్ఫిడార్‌లో ఉండేది ఇమిడాక్లోప్రిడ్, రీజెంట్‌లో ఉండేది ఫిప్రోనిల్. పిల్లి మెడ వెనక వేసే చుక్కల మందుల్లో కొన్నింటిలోనూ ఇవే ఉంటాయి. అలాగని పొలం డబ్బాలోంచి రెండు చుక్కలు తీసి పిల్లికి పూయకండి! అందులో కలిపే ద్రావకాలు వేరు, పాళ్లు వేరు.

అసలు ప్రమాదం పెర్మెత్రిన్‌తో. చామంతి జాతి పూలలోని విషాన్ని చూసి ప్రయోగశాలలో తయారుచేసిన మందు ఇది. కుక్క తట్టుకుంటుంది, పిల్లి తట్టుకోలేదు. ఇలాంటి రసాయనాలను విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో సరిగా లేదు. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ పిల్లిని చంపేది కూడా ఇందుకే. కుక్కల కోసం చేసిన పెర్మెత్రిన్ ట్యూబు పిల్లికి వేస్తే గంటల్లో వణుకు, ఆపైన మూర్ఛలు. పెద్ద కుక్క ట్యూబు కొని నాలుగు పిల్లులకు పంచితే చవకని లెక్కలేసేవాళ్లున్నారు. ఆ మిగులు పశువుల ఆసుపత్రి బిల్లు ముందు ఎందుకూ చాలదు. పెట్టె మీద పిల్లి బొమ్మ ఉందా, మందు పేరేమిటి, ఎంత బరువుకి, ఎన్ని వారాల వయసు నుంచి అన్న నాలుగూ చదివాకే ధర చూడాలి. మందు పేరే రాయని చవక బెల్టులను నేనైతే ముట్టుకోను.

వెల్లుల్లి తినిపిస్తే గోమార్లు పోతాయని ఒక చిట్కా తిరుగుతూ ఉంటుంది. పోయేది పిల్లి ఎర్ర రక్తకణాలు. టీ ట్రీ నూనె, కలరా ఉండలు కూడా పిల్లికి విషమే.

పిల్లికి గోమార్లు పట్టాయో లేదో కనుక్కోవడానికి పైసా అక్కర్లేదు. పేల దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసులను తడి కాగితం మీద వేయండి. ఎర్రగా మరక పాకితే అది గోమారి పెంట, అంటే పిల్లి రక్తమే. మరీ చిన్న కూనలకు చాలా మందులు పనికిరావు. వాటికి దువ్వెన, పక్కన ఒక గిన్నెలో సబ్బునీళ్లు ఉంటే చాలు.



వీధి పిల్లిని చేరదీసేవాళ్లకు మొదటి మెట్టు పశువైద్యుడే. ఖతర్ వీధి పిల్లుల్లో ప్రపంచానికి తెలిసింది డేవ్. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ రోజుల్లో అల్ వక్రాలో ఇంగ్లండ్ ఆటగాళ్లు కైల్ వాకర్, జాన్ స్టోన్స్ దాన్ని చేరదీశారు. డిసెంబరు 10న జట్టు ఫ్రాన్స్ చేతిలో ఓడి ఇంటిదారి పట్టింది. డేవ్ మాత్రం ముందు రక్త పరీక్షకీ టీకాకీ పశువైద్యుడి దగ్గరికి వెళ్లింది.

మందు వేశాక కూడా కొన్ని వారాలపాటు కొత్త గోమార్లు కనబడతాయి. గూళ్లలో ఉన్నవి ఒక్కొక్కటే బయటికొస్తుంటాయి మరి. మందు నకిలీదని తేల్చేసి మర్నాడే రెండోది వేయడం పిల్లికి ప్రమాదం. ఒంటిని నాకుతూ పిల్లి గోమారిని మింగితే కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. తోక కింద బియ్యపు గింజల్లాంటివి అంటుకుని కనబడితే అదే. చుక్కల మందుల్లో చాలావాటికి అది చావదు, వేరే మాత్ర వేయించాలి.