అరచేతికి జిడ్డు పట్టదు

ముఖం ఎంత జిడ్డోడుతున్న మనిషికైనా అరచేతిలో ఒక్క తైలగ్రంథి కూడా ఉండదు. అరికాలిలోనూ అంతే. చెమట గ్రంథులు మాత్రం ఆ రెండు చోట్లా కిక్కిరిసి ఉంటాయి. కనురెప్ప మీద చర్మం మందమంతా కలిపినా మిల్లీమీటరుకు లోపే; అరికాలిలో పైపొర ఒక్కటే మిల్లీమీటరు దాటుతుంది. ఒకే ఒంటిమీద ఇన్ని రకాలుండగా, ‘మీది ఏ రకం చర్మం?’ అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం.

సబ్బుల పెట్టెల మీద కనిపించే జిడ్డు, పొడి, మిశ్రమ రకాలు ప్రధానంగా ముఖానికి సంబంధించినవి. యౌవనంలో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరిగితే తైలగ్రంథులు చురుకవుతాయి, మొటిమలూ అప్పుడే మొదలవుతాయి. వయసు మళ్లాక నూనె తగ్గుతుంది. చలికాలపు పొడిగాలి, గాఢమైన సబ్బు పైపొరలోని తేమను లాగేస్తాయి. ఇరవై ఏళ్లప్పుడు జిడ్డుగా ఉన్న ముఖమే అరవైలో పొడిబారవచ్చు.

వైద్యులు వాడే వర్గీకరణ వేరు. అమెరికా చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో దాన్ని రూపొందించారు. సోరియాసిస్ రోగులకు మందుతోపాటు అతినీలలోహిత కాంతితో చికిత్స చేసేటప్పుడు, జుట్టు రంగునూ కంటి రంగునూ చూసి మోతాదు నిర్ణయిస్తే కొందరికి ఒళ్లు కాలింది. అందుకే ఆయన, ఎండలో మీ చర్మం కందుతుందా, నల్లబడుతుందా అని రోగులనే అడగడం మొదలుపెట్టారు. మొదట తెల్లవాళ్లకే నాలుగు రకాలు చెప్పారు. గోధుమ, నలుపు చర్మాలకు 5, 6 రకాలు తర్వాత చేరాయి. భారతీయుల్లో ఎక్కువమంది 4, 5 రకాల్లోకి వస్తారు.

రంగు తేడాకు కారణం మెలనిన్ అనే రంగుపదార్థాన్ని తయారుచేసే కణాల సంఖ్య కాదు. అవి అందరిలోనూ దాదాపు సమానమే. ఆ కణాలు తయారుచేసే మెలనిన్ రేణువుల పరిమాణంలో, అమరికలో, మెలనిన్ రకంలో తేడా ఉంటుంది. రేణువులు పైపొర కణాల్లోకి చేరి, కేంద్రకం మీద గొడుగులా నిలిచి డీఎన్‌ఏను ఎండనుంచి కాపాడతాయి.

2005లో లేత రంగు జీబ్రా చేపలను పరిశీలిస్తున్న శాస్త్రవేత్తలకు ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువు దొరికింది. మనుషుల్లోనూ దానిలో ఒక్క మార్పు చర్మం రంగును లేతగా మారుస్తుంది. 2013లో హైదరాబాద్‌ సీసీఎంబీ పరిశోధకులు, యూరప్ శాస్త్రవేత్తలు కలిసి దక్షిణ భారతీయుల చర్మఛాయను కొలిచారు. యూరోపియన్లలో కనిపించే ఆ మార్పే మన దగ్గరా ఉందనీ, ఇద్దరికీ అది ఒకే మూలం నుంచి వచ్చిందనీ తేల్చారు. రంగును బట్టి మనుషుల్ని విడదీసే అలవాటున్న సమాజంలో ఈ ఫలితం ప్రతి ఇంటికీ చేరాలి.

చామనచాయ ఒంటిమీద వాపు ఎర్రగా కాక ఊదాగానో బూడిదరంగులోనో కనిపించవచ్చు. ఎర్రదనం కోసమే వెతికితే జబ్బును గుర్తించడం ఆలస్యమవుతుంది. మొటిమ మానాక నల్లమచ్చ నెలల తరబడి మిగలడం కూడా ఈ రకం చర్మంలోనే ఎక్కువ. ఆ మచ్చ పోగొట్టుకోవాలనీ, తెల్లబడాలనీ మందుల దుకాణంలో స్టెరాయిడ్ క్రీము కొనుక్కుని రోజూ పూసేవాళ్లు మన దగ్గర చాలామంది. కొన్నాళ్లు నిగనిగలాడిన ముఖం తర్వాత పలచబడి, సన్నని రక్తనాళాలు పైకి తేలి, కొత్త మొటిమలు పుట్టుకొస్తాయి. మానేయగానే మంట, ఎర్రదనం. దాని నుంచి బయటపడటానికి చర్మవైద్యుడి పర్యవేక్షణలో నెలలు పట్టవచ్చు.