తామరయే కదా యని ఉపేక్షింపరాదు

కాజీపేట జంక్షనులో హైదరాబాదు, విజయవాడ, బల్లార్షా రైలు మార్గములు కలియును. చుట్టుపట్ల గ్రామముల నుండి ఎందరో పనులకై ఇచ్చట రైలెక్కుదురు. చెమటకు తడిసిన బట్టలతో దినమెల్ల గడపువారికి గజ్జలలోను, నడుము చుట్టును తామర పుట్టుట వింత కాదు. పెద్దలు దీనిని చిన్న జబ్బుగా నెంచిరి. కాని నేడు వైద్యులు చూచుచున్న తామర వెనుకటి వలె సులభముగా మానుట లేదు. ఈ మార్పును పంచాయతీ సభ్యులు గ్రహింపవలెనని మేము కోరుచున్నాము.

తామర కంటికి కానరాని బూజు వలన కలుగును. పూర్వము మన దేశపు ఆసుపత్రులలో ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అను జాతి ఎక్కువగా కనబడెడిది. గత పదేండ్లలో మరియొక జాతి ప్రబలినది. దానికి 2020లో జపాను శాస్త్రజ్ఞులు ట్రైకోఫైటాన్ ఇండోటినీయే అని పేరిడిరి. ఇది దేహమున విస్తారముగా వ్యాపించును, ఇంటిల్లిపాదికి అంటుకొనును, వాడుకలోనున్న టెర్బినాఫిన్ మందునకు తరచుగా లొంగదు. 2023లో న్యూయార్కు నగరమునందు సైతము ఈ జాతి సోకిన రోగులు కనబడిరి.

స్టెరాయిడ్ కలిసిన పూతమందులను విచ్చలవిడిగా వాడుట ఈ దుస్థితికి ముఖ్య కారణములలో నొకటియని వైద్యుల అభిప్రాయము. అట్టి మందు పూసిన కొలది దినములలోనే దురద, ఎఱ్ఱదనము తగ్గును. రోగి నయమైనదని తలచును. కాని స్టెరాయిడ్ బూజును చంపజాలదు. చర్మపు రోగనిరోధక శక్తిని మాత్రము అణచును. పూత మానగానే తామర మరల విజృంభించును. ఎక్కువకాలము వాడినచో చర్మము పలుచబడి చారలు పడును. 2018లో కేంద్ర ప్రభుత్వము 14 రకముల స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిబంధన చేసినది.

పంచాయతీ సభ్యులు ఈ నిబంధనను మందుల దుకాణదారులకు గుర్తుచేయవలెను. గ్రామసభలో ఈ క్రింది సంగతులు చెప్పవలెను. తామర గలవారు తాము వాడిన మందు గొట్టమును వెంట తీసికొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. మానకున్నచో వరంగల్లులోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలో చూపించుకొనవచ్చును. ఇంటిలో ఎందరికున్నను అందరును ఒకేమారు చికిత్స పొందవలెను. తువాళ్లు, దుప్పట్లు ఎవరివి వారే వాడి, ఉతికి ఎండలో ఆరవేయవలెను. మచ్చ మాసినను, వైద్యుడు చెప్పిన గడువు ముగియువరకు మందు మానరాదు.

స్త్రీలు సిగ్గుచే ఈ వ్యాధిని దాచుకొనుట కలదు. మహిళా సభ్యులు వారితో మాటలాడి, ధైర్యము చెప్పి, వైద్యమునకు పంపిన యెడల ఒక్కొక్క ఇంటిని కాపాడినవారగుదురు.