దిండి చెరువుల్లో ప్రపంచ వాణిజ్యం

మలికిపురం మండలంలోని దిండి పేరు చెప్తే చాలామందికి కొబ్బరి తోటలూ, వశిష్ఠ గోదావరి మీద తిరిగే హౌస్‌బోట్లూ గుర్తొస్తాయి. వంతెన దాటితే అటు చించినాడ, పశ్చిమ గోదావరి; ఇటు రాజోలు దీవి. ఈ దీవిలో వరి చేల పక్కనా కొబ్బరి తోటల మధ్యా రొయ్యల చెరువులు పరుచుకున్నాయి. పట్టుబడి రోజున వంద కౌంట్‌కు (కిలోకు వంద రొయ్యలు తూగే సరుకుకు) ఎంత, ముప్పై కౌంట్‌కు ఎంత అన్నది ఊళ్లో తేలే సంగతి కాదు. అమెరికా కొనుగోలుదారుల ఆర్డర్లు, అక్కడి సుంకాలు, ఈక్వెడార్ నుంచి దిగిన సరుకు కలిసి దాన్ని తేలుస్తాయి. కనుక విదేశీ వాణిజ్యానికి తలుపులు తెరిస్తే దేశం సంపన్నమవుతుందా అన్న పెద్ద ప్రశ్నను ఈ నేల మీదే అడగొచ్చు. అవుతుందనే నా నమ్మకం. అయితే ఆ సంపద నిలుస్తుందా, ఎవరి చేతికి చేరుతుంది అన్నది తలుపు వెనక ఏం సిద్ధం చేసుకున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది.

ప్రభుత్వ ప్రణాళికల నుంచి మార్కెట్ వైపు మళ్లిన దేశాలు దీనికి మంచి సాక్ష్యం. పోలండ్ 1990 జనవరిలో ధరలనూ దిగుమతులనూ ఒక్కసారిగా వదిలేసింది. రెండేళ్లు కుంగి, 1992 నుంచి లేచింది. రష్యా 1992లో దాదాపు అదే పని చేసింది, కానీ 1998 నాటికి అక్కడి ఉత్పత్తి సుమారు 40 శాతం పడిపోయింది. చమురు, లోహాల ఎగుమతికి లైసెన్సులూ కోటాలూ మిగిలిపోవడంతో, లోపలి చౌక ధరకూ బయటి ధరకూ మధ్య తేడా పలుకుబడి ఉన్నవాళ్ల జేబుల్లోకి పోయింది. వియత్నాం దారి వేరు. 1986లో సంస్కరణలు మొదలుపెట్టి, 1988లో సాగుభూమిని రైతు కుటుంబాలకు అప్పగించింది. అంతకుముందు బియ్యం దిగుమతి చేసుకున్న దేశం 1989లో దాదాపు 14 లక్షల టన్నులు ఎగుమతి చేసింది. భూమి రైతు చేతికి రాకపోతే, ఓడరేవు తెరిచినా ఎక్కించడానికి బియ్యం ఉండేవి కావు.

ఎదుగుతున్న దేశాలే ఎక్కువ వ్యాపారం చేస్తాయేమో, మీరు కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేస్తున్నారేమో అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ఆర్థికవేత్తలు జెఫ్రీ శాక్స్, ఆండ్రూ వార్నర్ 1995లో లెక్కలు వేసి, తలుపులు తెరిచిన దేశాలే వేగంగా పెరిగాయని చూపిస్తే, ఆ కొలమానం వాణిజ్య విధానం కన్నా ఇతర లోపాలనే ఎక్కువగా కొలుస్తోందని మరో ఇద్దరు ఆర్థికవేత్తలు రొడ్రిగెజ్, రొడ్రిక్ ఎత్తిచూపారు. దేశాలను పక్కపక్కన పెట్టి తేల్చలేని ఈ తగువులో, ఒకే తీరంలో ఒకే పంట రెండుసార్లు పొందిన అనుభవం ఎక్కువ చెబుతుంది.

మన దేశం పోలండ్, రష్యా, వియత్నాంల జాబితాలో లేదు గానీ, 1991లో లైసెన్సుల రాజ్యం నుంచి మనమూ మళ్లాం. ఆ ఊపులో ఆంధ్ర తీరమంతా టైగర్ రొయ్య పాకింది. నియంత్రణ లేదు, సీడ్ (రొయ్య పిల్లల) పరీక్ష లేదు, ఒక చెరువు మురుగే పక్క చెరువుకు నీరు. 1994-95లో తెల్లమచ్చ వ్యాధి వచ్చి చెరువులను ఊడ్చిపెట్టింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులను తొలగించమంది. ఆ తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్యకు అనుమతిచ్చినప్పుడు షరతులు పెట్టారు: వ్యాధుల్లేని తల్లి రొయ్యలే రావాలి, చెన్నైలో క్వారంటైన్ దాటాలి, అనుమతి ఉన్న హేచరీలకే వెళ్లాలి. ఇది మరో దిగుమతే, మరో తలుపే. కానీ ఈసారి కాపలా ఉంది. 2024-25లో దేశం సముద్రోత్పత్తుల ఎగుమతి 62,408 కోట్ల రూపాయలకు చేరింది, అందులో అధిక భాగం రొయ్యలదే. ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. రెండుసార్లూ విదేశీ గిరాకీ ఉంది. మారింది సీడ్ మీదా వ్యాధి మీదా పెట్టిన నిఘా.

తలుపులు తెరవడం మేలన్న మాటకు కొబ్బరి రైతు ఒప్పుకోడు, అతని మాటలో న్యాయముంది. 1994లో పామోలిన్ దిగుమతిని 65 శాతం సుంకంతో వదిలి, 1998 నాటికి ఆ సుంకాన్ని 15 శాతానికి దించారు. చౌక నూనె ముందు కొబ్బరి నూనె నిలబడలేకపోయింది. దింపు కూలి పెరిగి, కాయ ధర పెరగలేదు. పట్నంలో వంటనూనె చౌకైన లాభం కోట్లమందికి పలచగా పంచుకుపోతే, నష్టం అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు చుట్టూ ఉన్న కొద్ది మండలాల మీద చిక్కగా పడింది. మరి మూసెయ్యడమే మందా? సాధారణ బియ్యం ఎగుమతిని 2008 నుంచి 2011 సెప్టెంబరు దాకా ఆపారు. ఆ చివరి ఏడాది ఖరీఫ్‌లో కోనసీమ రైతులు సుమారు లక్ష ఎకరాల్లో నాట్లు వెయ్యకుండా పంట విరామం ప్రకటించారు. మురుగు కాలువల పూడిక, కూలి ఖర్చు కూడా కారణాలే; ఆపైన ధర పడి ఉన్నప్పుడు బయటి బేరం లేకపోవడం వాళ్లను మరింత బిగించింది. తెరిచినప్పుడు కొబ్బరి రైతూ, మూసినప్పుడు వరి రైతూ పట్నం వినియోగదారు కోసమే బరువు మోశారు. ఆ నష్టాన్ని పూడ్చే ఏర్పాటు తలుపు తీసిన రోజే ఉండాలని అడగడం దయ కోరడం కాదు.

ఒకే కొనుగోలుదారు మీద ఆనుకోవడం మరో ప్రమాదం. 2005లో అమెరికా మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం వేసింది. 2025 ఆగస్టులో, అది కాక, మన సరుకుల మీద అమెరికా అదనపు సుంకమే 50 శాతానికి చేరింది. దెబ్బ వాషింగ్టన్‌లో పడితే, తగ్గిన ధర మొదట వచ్చింది చెరువు గట్టుకే. అప్పటికే మేత, ఏరేటర్ల కరెంటు, భూమి కౌలు కోసం రైతు డబ్బు నీళ్లలో పోసేసి ఉంటాడు. రొయ్యను రెండు నెలలు దాచుకునే వీల్లేదు. యూరప్, జపాన్ బజార్లు వెతుక్కోవాలంటే యాంటీబయాటిక్ అవశేషాలను చెరువు దగ్గరే పరీక్షించే ల్యాబులు కావాలి, తలకాయ తీసిన రొయ్యతో ఆగకుండా వండడానికి సిద్ధమైన సరుకు ఇక్కడే తయారుకావాలి. వియత్నాం ఆ పని చేస్తూ మన రొయ్యనే కొని, విలువ పెంచి అమ్ముకుంటోంది.

ఈ లెక్కలో ఇంకొకరు ఉన్నారు. చెరువు పక్కన కౌలుకు వరి వేసిన రైతు. ఉప్పునీరు ఊరి అతని చేను చౌడు బారితే, ఆ నష్టం ఎగుమతి గణాంకాల్లో ఎక్కడా కనపడదు. రొయ్య విలువ మాత్రం పూర్తిగా కనపడుతుంది. మురుగు కాలువలను తవ్వించడం, చెరువుకూ చేనుకూ మధ్య ఎడం పాటింపజేయడం, చౌడు బారిన నేలకు పరిహారం కట్టించడం వాణిజ్య విధానంలో భాగాలే. వాటి ఖర్చును రొయ్య అమ్మకంలోంచి తీయాలి, వరి రైతు జేబులోంచి కాదు.