కుందేలుకు ఆకు పెట్టేముందు

మా ఇంటికి కుందేళ్ళు రావడానికి బాధ్యుణ్ణి నేను కాను. పదో పుట్టినరోజుకు అమ్మాయి పట్టుబట్టింది, వాళ్ళమ్మ సరేనన్నది, ఒక సాయంత్రం తెల్లటి జత గంపలో కూర్చుని కరీంనగర్‌లో మా గడప తొక్కింది. మా అమ్మ చూసి, "ఇంట్ల చెవులపిల్లులేందిరా!" అని నవ్వింది. ఆదిలాబాద్ వైపు పుట్టి పెరిగిన మనిషి. ఆమెకు చెవులపిల్లి అంటే అడవిలోదే. ఆ గోధుమరంగు కుందేలు జాతి వేరు, 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టి పెంచుకోకూడదు. మావి ఐరోపా కుందేలు సంతతి.

లండన్‌లో ఉన్న మా మేనల్లుడు ఫోనులో సలహా చెప్పాడు: "మామయ్యా, ఇక్కడ కుందేళ్ళకు డాండెలయన్ ఆకు పెడతారు. అంచులు రంపంలా ఉంటాయి, పువ్వు పసుపు పచ్చన." అది చల్లని నేలల మొక్క. మానేరు ఒడ్డున ఎంత తిరిగినా నాకు దొరకలేదు గాని, దాని చుట్టమే గడ్డి చామంతి కాళ్ళకు తగిలింది. చిన్నప్పుడు మేము పలకలు తుడుచుకున్న పలకాకు! గరుకు ఆకు, పొడుగాటి కాడ చివర ఒక్కటే చిన్న పువ్వు. కుందేళ్ళను పెంచేవారు మన దేశంలోనూ దాన్ని మేతగా వాడతారు. మావి కూడా ఇష్టంగా నమిలాయి. అంతవరకు నేను చేసింది సబబే.

దసరాకు ఆదిలాబాద్ వెళ్ళాము. వచ్చే రోజున ఒక పత్తిచేను గట్టుమీద గడ్డి చామంతి విరగబూసి కనిపించింది. ఊరికే వచ్చేదానికి ఆశ ఎవరికి ఉండదు? సంచి నిండా కోసి, నోరు బిగించి, బస్సెక్కాను. ఇల్లు చేరి విప్పేసరికి లోపలి ఆకు వెచ్చగా చేతికి తగిలింది. పట్టించుకోకుండా సగం సంచి గూట్లో పోశాను.

తెల్లవారి పెద్దది మేతకు రాలేదు. మూలన ముడుచుకుని పళ్ళు కొరుకుతున్నది. గూట్లో పెంటికలు లేవు. "పడుకోనీ, సాయంత్రానికి లేస్తుంది" అన్నాను. సాయంత్రం పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకుపోతే ఆయన మొదట అడిగింది, "పొద్దున ఎందుకు తేలేదండీ?" అని. కుందేలు వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది పేగుల గుండా పోవలసిందే. సగం రోజు మేత ముట్టకపోతే ఇక ఆగకూడదట. ఆ రాత్రే అది పోయింది. తక్కువ తిన్న చిన్నది మిగిలింది.

"మందు కొట్టిన చేనా, వేడెక్కిన ఆకా, ఒక్కసారిగా పెట్టడమా, ఏదని చెప్పను? మూడూ మీరే చేశారు" అన్నారు డాక్టరుగారు. పత్తికి కొట్టే మందుల్లో కొన్ని మొక్క లోపలికే ఎక్కుతాయి. ఎన్ని నీళ్ళతో కడిగినా పోవు. ఆ సంగతి మా పాలమ్మికి కూడా తెలుసు. "గట్టు మీది గడ్డి మా బర్రెలకే కొయ్యం సారూ" అన్నది.

ఇప్పుడు మా పెరట్లోనే నాలుగు తొట్లలో గడ్డి చామంతి పెరుగుతున్నది. ఉదయం కోసి, కడిగి, నీరు ఓడ్చి, రెండు మూడు రెమ్మలు. అసలు భోజనం ఎండుగడ్డి, గరిక. జీవితమంతా పెరిగే ఆ పళ్ళు అరగాలన్నా, పేగు కదలాలన్నా అదే ఆధారం. ఏ కొత్త ఆకైనా ముందు ఒక్కటి పెట్టి, మర్నాటి పెంటికలు చూసిగాని రెండోది పెట్టము. మరీ పసికూనలకు ఆకులు అసలు లేవు.

ఆకుకూరలన్నీ మంచివేనని మా ఆవిడ వాదన. మనుషులకు సరే. కుందేలు మాత్రం మేతలోని సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, మనకన్నా ఎక్కువగా ఒంటికి పట్టించుకుని, మిగిలింది మూత్రంలో వదులుతుంది. అది పేరుకుంటే రాళ్ళు. వంద గ్రాముల డాండెలయన్ ఆకులో సుమారు 187 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే మన తోటకూరలో 215 దాకా ఉన్నది! అందుచేత తోటకూర మా గూట్లోకి ఎప్పుడో ఒకసారి, అదీ రెండాకులు.

ఒక్క పోలిక మాత్రం జాగ్రత్త. వయ్యారిభామ కూడా చామంతి కుటుంబానిదే. 1955 ప్రాంతంలో పుణెలో గుర్తించిన ఈ పరదేశి కలుపు నేడు మన రోడ్ల పక్కనంతా ఉన్నది. లేతగా ఉన్నప్పుడు నేలకు పరచుకుని, చీలిన ఆకులతో క్యారెట్ ఆకులా అమాయకంగా కనిపిస్తుంది. పెరిగితే గుత్తులుగా తెల్లటి చిన్న పూలు. ఇది విషం, పీకే మనిషి చేతికే దురద పుడుతుంది. ఉమ్మెత్త, గన్నేరు సంగతి చెప్పనక్కర లేదు.

నిన్న బజారునుంచి వస్తూ కొత్తిమీర కట్ట తెచ్చాను. అమ్మాయి సంచి పట్టుకుని, "బాపూ, ఇది ఎక్కడిది?" అన్నది. కూరలోకేనని ఎంత చెప్పినా, వాసన చూసి, కట్ట విప్పి, నీళ్ళలో వేసిగాని నన్ను లోపలికి రానివ్వలేదు.