బెర్గెన్ ఊరిని కొలిచినవాడు: జాక్ కోర్టెల్యూ

జెర్సీ సిటీలోని న్యూఆర్క్ అవెన్యూ భారతీయ దుకాణాలకు తెలుగువారు తరచుగా వెళుతుంటారు. అక్కడికి కొద్ది దూరంలో బెర్గెన్ అవెన్యూ, అకాడమీ స్ట్రీట్ కలిసే కూడలి పేరు బెర్గెన్ స్క్వేర్. నేటి న్యూ జెర్సీలో స్థానిక పాలనాధికారం పొందిన మొట్టమొదటి ఊరికి అది నడిబొడ్డు. 1660లో ఆ ఊరికి కొలతలు వేసిన సర్వేయరు జాక్ కోర్టెల్యూ.

ఆయన హాలండులోని ఉట్రెక్ట్ నగరంలో ఫ్రెంచి మూలాలున్న కుటుంబంలో పుట్టాడు. 1652లో కార్నెలిస్ వాన్ వెర్క్‌హోవెన్ అనే భూస్వామి పిల్లలకు చదువు చెప్పే గురువుగా అమెరికా చేరాడు. 1655లో యజమాని మరణించాక ఆయన భూముల బాధ్యత కోర్టెల్యూ మీద పడింది. 1657లో డచ్చివారి న్యూ నెదర్లాండ్ వలసకు సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆ యేడే నేటి బ్రూక్లిన్‌లో న్యూ ఉట్రెక్ట్ గ్రామాన్ని స్థాపించాడు. 1660లో ఆయన తయారు చేసిన మన్‌హాటన్ పటం మూలప్రతి నేడు లేదు. దాని నకలు ఒకటి 1900లో ఇటలీలోని ఫ్లోరెన్స్ సమీపాన కాస్టెల్లో భవనంలో బయటపడింది. 'కాస్టెల్లో ప్లాన్' అన్న పేరు అలా వచ్చింది.

బెర్గెన్ ఆకృతికి కారణం భయం. హడ్సన్ నది పడమటి ఒడ్డున పవోనియాలో 1643లో డచ్చి సైనికులు రాత్రివేళ ఆదివాసులను ఊచకోత కోశారు. 1655లో ఆదివాసుల దాడిలో అక్కడి డచ్చి కమతాలు నాశనమయ్యాయి. ఇక ఎవరికి వారు విడివిడిగా కాపురాలు ఉండరాదని గవర్నరు స్టయివసెంట్ నిర్ణయించాడు. 1658లో లెనాపే ప్రజల నుంచి ఆ భూమిని మళ్ళీ కొన్నారు. కోర్టెల్యూ అందులో ఒక్కో పక్క 800 అడుగుల చతురస్రాన్ని కొలిచి, రెండు వీధులతో నాలుగు భాగాలు చేశాడు. చుట్టూ కర్రల కోట. ఇళ్ళు లోపల, పొలాలు వెలుపల. 1661 సెప్టెంబరులో ఊరికి సొంత న్యాయస్థానం వచ్చింది.

కోర్టెల్యూ భార్య నేల్ట్యే వాన్ డైన్. 1679లో ఆమె సోదరుడు గెరిట్‌తో పాటు ఓడలో వచ్చిన యాస్పర్ డాంకర్ట్స్ అనే భక్తుడు ఈ ఇంటికి అతిథిగా వెళ్ళి, తన దినచర్యలో ఆ విశేషాలు రాశాడు. కోర్టెల్యూకు లాటిన్, ఫ్రెంచి, గణితం వచ్చు, కొంత వైద్యమూ తెలుసు. దెకార్త్ తత్వాన్ని నమ్మినవాడు కనుక మంచి క్రైస్తవుడు కాడని డాంకర్ట్స్ బాధపడ్డాడు. అయినా కేవలం వివేకాన్నీ న్యాయాన్నీ నమ్ముకుని, భక్తులమని చెప్పుకునే పలువురి కంటే సవ్యంగా నడుచుకుంటున్నాడని ఒప్పుకున్నాడు.

ఆ న్యాయబుద్ధి ఎంతవరకు వెళ్ళిందో కూడా ఆ దినచర్యే చెబుతుంది. కోర్టెల్యూ నయాక్ భూమిని అక్కడి ఆదివాసుల వద్ద మొదట మొత్తంగా, ఆపైన ముక్కలుగా, అంటే రెండుసార్లు కొన్నాడు. వారిని వెళ్ళగొట్టడానికి మనసొప్పక ఒక మూల వారికి వదిలి, మంచి నేల తాను ఉంచుకున్నాడు. ఆ మూలకు వారు ఏటా పది బస్తాల మొక్కజొన్న కౌలుగా చెల్లించేవారు. తరతరాల సొంతదారులు ఈ విధంగా కౌలుదారులయ్యారు. ఇందులో కత్తి లేదు, మోసమూ కనిపించదు. కొలిచి, కొని, పత్రం రాయించుకోవడమే ఉంది.

కోర్టెల్యూ 1693లో మరణించాడు. ఆయన వంశీయుడు జార్జ్ కోర్టెల్యూ 1907లో అమెరికా ఆర్థికమంత్రి అయ్యాడు. బ్రూక్లిన్‌లో ఒక వీధికి ఆ ఇంటిపేరు ఉంది. బెర్గెన్‌లో ఆయన గీసిన వీధులు నేటికీ నడుస్తున్నాయి. మొక్కజొన్న కౌలు కట్టినవారి పేర్లు మాత్రం ఏ వీధికీ మిగలలేదు.