పీపాకు ఏ పానా?

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవారి దగ్గర రెండడుగుల ఎత్తున్న ఒక ఉక్కు పీపా కనబడుతుంది. పట్టేది 5 గ్యాలన్లు, అంటే దాదాపు 19 లీటర్లు. కార్నీలియస్ అనే కంపెనీ పేరు మీద దానికి 'కార్నీ కెగ్' అనే ముద్దుపేరు వచ్చింది. నిజానికి అది బీరు కోసం పుట్టింది కాదు. శీతల పానీయాల కంపెనీలు తమ తియ్యటి పాకాన్ని దుకాణాలకు పంపింది వీటిలోనే. తర్వాత పాకం అట్టపెట్టెలోని ప్లాస్టిక్ సంచుల్లోకి మారడంతో పాత పీపాలు చౌకగా అమ్మకానికి వచ్చాయి. ఇంటి బీరుపై అక్కడి కేంద్ర ప్రభుత్వ నిషేధాన్ని తొలగించే చట్టంపై అధ్యక్షుడు కార్టర్ 1978లో సంతకం చేశాడు కనుక కొనేవారూ దొరికారు. (మన దగ్గర లైసెన్సు లేకుండా బీరు కాయడం నేరం. ఇక్కడ మనకు కావలసింది బీరు కాదు, ఆ పీపా చుట్టూ ఉన్న భౌతిక, రసాయన శాస్త్రాలు.)

పీపా మూత కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని ఏటవాలుగా లోపలికి దించి, తిప్పి, పైకి లాగి బిగిస్తారు. లోపలి వాయువే మూతను అంచుకు నొక్కిపెడుతుంది. మన ఇళ్లలో మూత లోపలికి వెళ్లే ప్రెషర్ కుక్కరు పనిచేసేదీ ఇలాగే. మూత వైశాల్యం 10 చదరపు అంగుళాలు, లోపలి పీడనం చదరపు అంగుళానికి 12 పౌన్లు అనుకుందాం. మూత మీద పడే బలం 120 పౌన్లు, అంటే 54 కిలోల మనిషి నిలబడినంత! పీడనం వదలకుండా మూత తీయబోతే రానే రాదు.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. మూత పక్కన రెండు ఇత్తడి బొడిపెల్లాంటి ఉక్కు ముక్కులుంటాయి అనుకునేరు, అవి రెండూ కూడా ఉక్కువే. ఒకటి వాయువు లోపలికి పోవడానికి, రెండోది ద్రవం బయటికి రావడానికి. వీటిని 'పోస్టులు' అంటారు. ఇవి మరలతో బిగించినవి. పీడనం ఉండగా పానా పెట్టి తిప్పితే, చివరి మర వదలగానే పోస్టు తూటాలా లేస్తుంది. కాబట్టి పానా పట్టేముందు చేయవలసిన మొదటి పని మూత మీది విడుదల కవాటాన్ని లాగి, 'సుయ్' మనే చప్పుడు పూర్తిగా ఆగేదాకా వేచి ఉండడం.

ఇక ఏ పానా? అటూ ఇటూ జరిగే సర్దుబాటు పానా చేతికి సులువే కాని, దాని దవడల మధ్య కాస్త సందు మిగులుతుంది. బలమంతా మూలల మీద పడి, అవి అరిగి గుండ్రమవుతాయి. ఆరు పలకల పోస్టుకు ఆరు పలకల లోతైన సాకెట్టు పలకలను ఆనుకుని పట్టు ఇస్తుంది. కొన్ని పోస్టులకు పన్నెండు కోణాలుంటాయి, వాటికి పన్నెండు కోణాల సాకెట్టే కావాలి. కొలతలు తయారీదారును బట్టి మారతాయి; 7/8 అంగుళం, 11/16 అంగుళం తరచుగా కనిపిస్తాయి. 'పిన్ లాక్' రకం పోస్టులకు పక్కలకు చిన్న మేకులు పొడుచుకుని ఉంటాయి (వాయువు వైపు రెండు, ద్రవం వైపు మూడు). మామూలు సాకెట్టు వాటి మీద కూర్చోదు, గాళ్లు కోసినది కావాలి.

శుభ్రం చేసే సామాన్ల దగ్గర రసాయనశాస్త్రం ముందుకొస్తుంది. పీపా ఉక్కులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్‌తో క్రోమియం కలిసి, కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. తుప్పును ఆపేది ఈ పొరే. గీత పడినా మళ్లీ తనంతట తానే అల్లుకుంటుంది. క్లోరైడ్ అయాన్లు మాత్రం దానికి అక్కడక్కడా చిల్లులు పెట్టి, గుంటలుగా తినేస్తాయి. అందుకే బ్లీచింగ్ ద్రావణం పోసి రాత్రంతా వదిలేయకూడదు. సోడియం పెర్‌కార్బొనేట్ మేలు. ఇనుప పీచు కూడా వద్దు. దాని నుంచి రాలిన ఇనుప రజను ఉక్కులో ఇరుక్కుని తుప్పుపట్టి, పీపాయే తుప్పుపట్టిందనిపిస్తుంది. నైలాన్ బ్రష్షు చాలు.

వాయువు సిలిండరుకు పీడన నియంత్రకం లేకపోతే మిగతా సామాన్లన్నీ ఉండి లాభం లేదు. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సిలిండరులోని ద్రవ కార్బన్ డయాక్సైడ్ పీడనం దాదాపు 57 అట్మాస్ఫియర్లు. పీపాకు కావలసింది ఒకటికి అటూ ఇటూ. 2012లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం పోర్ట్స్‌మత్‌లోని ఒక బీరు కర్మాగారంలో, సంపీడన గాలితో శుభ్రం చేస్తుండగా ప్లాస్టిక్ పీపా పేలి ఒక యువ కార్మికుడు మరణించాడు.

కారడాన్ని ఆపేవి రబ్బరు ఓ-రింగులు. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్ 1937లో పేటెంటుకు దరఖాస్తు చేసిన రూపమిది. రబ్బరు అంతా ఒకటి కాదు. ఇ.పి.డి.ఎమ్. రకానికి వాజలైన్ పూస్తే ఉబ్బి పాడవుతుంది. దానికి ఆహార యోగ్యమైన సిలికోన్ గ్రీజు వాడాలి. సిలికోన్ రబ్బరు రింగు మెత్తగా చక్కగా కూర్చుంటుంది కాని, దాని గుండానే వాయువు మెల్లగా జారిపోతుంది.

కారుతోందో లేదో చూడడానికి గ్యాస్ బండకు చేసే పరీక్షే: సబ్బు నురుగు పూసి బుడగల కోసం చూడడం. పాత పీపా కొన్నవారు బుడగలు రాకపోయినా రింగులన్నీ మార్చేస్తారు. ఉక్కును ఎంత కడిగినా, పాత రబ్బరు మాత్రం ఏళ్లనాటి పాకం వాసనను వదలదు.