ఒకే తివాచీపై మూడు బాణీలు

ఇతరుల విద్య నేర్చుకుంటే మనది మరచిపోతామా? పిల్లల చదువు, భాష, కళల విషయంలో మన ఇళ్లలో తరచూ వినిపించే ప్రశ్న ఇది. దీనికి సంగీత లోకం ఇచ్చిన ఒక మంచి జవాబు 'శక్తి' బృందం.

ఇంగ్లండుకు చెందిన జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, కర్ణాటక వయొలిన్ విద్వాంసుడు ఎల్.శంకర్, ఘటం విద్వాంసుడు విక్కు వినాయకరామ్, తబలా ఉస్తాద్ జాకిర్ హుస్సేన్ ఇందులో ముఖ్యులు. 1975లో అమెరికాలోని ఒక కళాశాలలో వీరు చేసిన కచేరీ మరుసటి ఏడు తొలి రికార్డుగా వెలువడింది.

కలిసి కూర్చున్నంత మాత్రాన సంగీతం కలవదు. తబలా హిందుస్తానీ కచేరీలది, ఘటం కర్ణాటక కచేరీలది. ఆ రెండూ ఒకే వేదికపై కనిపించడమే అప్పట్లో అరుదు. అయితే రెండు చోట్లా శిష్యుడు లయను ముందు నోటితో పలికి, ఆ తర్వాతే చేతితో వాయిస్తాడు. ఉత్తరాదిన అవి బోల్‌లు, దక్షిణాదిన సొల్లుకట్లు. వారికి దొరికిన ఉమ్మడి భాష అదే.

గిటారుకు మరో చిక్కు. మెట్ల మధ్య కొయ్య చదునుగా ఉంటుంది కనుక వీణలో మాదిరిగా గమకం పలకదు. మెక్‌లాఫ్లిన్ ఆ కొయ్యను లోతుగా తొలిపించి, అనునాదం కోసం అదనపు తీగలు బిగించిన గిటారు చేయించుకున్నారు. అలాగని తన జాజ్‌ను వదులుకోలేదు. జాకిర్ హుస్సేన్ కూడా తండ్రి ఉస్తాద్ అల్లారఖా వద్ద నేర్చిన పంజాబ్ ఘరానా బాణీని విడువలేదు.

1978లో విడిపోయిన బృందం 1997లో 'రిమెంబర్ శక్తి' పేరిట మళ్లీ మొదలైంది. తర్వాత అందులో చేరిన మాండలిన్ శ్రీనివాస్ మన పాలకొల్లు బిడ్డ. యూరప్ వాద్యంపై కర్ణాటక రాగాలు పలికించిన ఆయన 2014లో, 45 ఏళ్లకే కన్నుమూశారు. వినాయకరామ్ కుమారుడు సెల్వగణేశ్ కంజీరతో తండ్రి స్థానాన్ని నిలబెట్టారు. 2023లో వచ్చిన వీరి 'దిస్ మూమెంట్' ఆల్బమ్‌కు 2024 ఫిబ్రవరిలో గ్రామీ అవార్డు లభించింది. అదే ఏడు డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మరణించారు.

వీరిలో ఎవరూ తమది సగమే నేర్చుకుని ఎదుటివారి దగ్గరకు వెళ్లలేదు. ఏళ్ల తరబడి రియాజ్ చేసి, ఆ తర్వాత చెవి ఒగ్గి విన్నారు. మన పిల్లలు మరో భాషనో, బాణీనో నేర్చుకుంటామంటే మనం బెంగపడనక్కరలేదు. ముందు మనది శ్రద్ధగా నేర్పుదాం. ఎదుటివారు చెప్పేది ఓపికగా వినడమూ నేర్పుదాం.